బంధములకు హద్దురాయి

విద్య యనగా సూత్రములను వల్లించుటయే యని నమ్మువారు మనలో నింకను పెక్కుమంది కలరు. ఆ నమ్మిక చేయు కీడు మొన్న మా యింటనే కనబడినది. మా తమ్ముని కూతురు రసాయనశాస్త్ర పరీక్షలో, హైడ్రోజను ఫ్లోరైడు సుమారు 20 డిగ్రీలకే మరుగును గనుక అందలి బంధము సమయోజనీయమని వ్రాసెను. పరీక్షకులు దానిని కొట్టివేసి సున్న వేసిరి. "పెదనాన్నా, నియమం ప్రకారం నాది తప్పేనట. మరి ఆ పదార్థం నియమం మాట వినలేదేం?" అని యామె నన్నడిగెను.

ఆ నియమ మెట్టిదో చూతము. బంధమునందలి ఎలక్ట్రానులను పరమాణువు తనవైపు లాగుకొను శక్తికి ఋణవిద్యుదాత్మకత యని పేరు. 1932లో అమెరికా దేశీయుడగు లైనస్ పౌలింగు దీనికి సంఖ్యల నేర్పఱచెను. నేటి పట్టికలలో ఫ్లోరినునకు 3.98, ఆక్సిజనునకు 3.44, క్లోరినునకు 3.16, హైడ్రోజనునకు 2.20, సోడియమునకు 0.93 కలవు. రెండింటి భేదము 1.7 మించినచో అయానిక బంధమనియు, తగ్గినచో సమయోజనీయ మనియు బాలురు కంఠస్థము చేయుదురు.

సోడియము, క్లోరినుల భేదము 2.23. ఇచట ఎలక్ట్రాను దాదాపు పూర్తిగా క్లోరిను పాలగును. అట్టి అయానులు బారులు తీరి యేర్పడిన ఉప్పు 801 డిగ్రీల వేడిమికి గాని ద్రవము కాదు. హైడ్రోజను, ఫ్లోరినుల భేదము 1.78. నియమమే సత్యమైనచో ఇదియు ఉప్పువలె గట్టి స్ఫటికము కావలెను. కాని యిది వేసవి గాలికే ఆవిరియగు అణువుల సముదాయము!

పౌలింగు చూపినది గోడ కాదు, వాలు. హైడ్రోజను అణువులో రెండు పరమాణువులును ఎలక్ట్రానులను సమముగా పంచుకొనును. నీటిలో భేదము 1.24 గనుక అవి ఆక్సిజను వైపు మొగ్గును. ఆ మొగ్గు వలననే నీరు ఉప్పును కరగించుకొనగలుగుచున్నది. హైడ్రోజను ఫ్లోరైడులో మొగ్గు మఱింత హెచ్చు. ఉప్పులో మిక్కిలి హెచ్చు. పౌలింగు లెక్కలో 1.7 అనునది బంధమునకు సుమారు సగము అయానిక స్వభావము వచ్చిన చోటునకు గుఱుతు మాత్రమే. ఆ చోట ప్రకృతి హద్దురాయి పాతలేదు, పాతినది మనము.

ఉపాధ్యాయులారా! సంఖ్యను నేర్పుడు, దాని ప్రక్కనే పదార్థమును గూడ చూపుడు. అది యెప్పుడు కరగును, ఎప్పుడు మరుగును, నీటిలో నేమగును అని బాలురచే అడిగింపుడు. సంఖ్య యొకటి, పదార్థము మఱొకటి చెప్పినపుడు పదార్థమును నమ్మిన శిష్యురాలికి సున్న వేయుట శాస్త్రమునకే సున్న వేయుట.