రాత్రికి మూడు చుక్కలు

మన ఇళ్ళల్లో యాసిడ్ అంటే రెండే గుర్తొస్తాయి. ఒకటి బాత్‌రూమ్ కడిగేది, రెండోది పేపర్లో చదివి గుండె గుభేలుమనే వార్త. అలాంటి మాటని మొహానికి రాసుకునే సీసా మీద చూస్తే ఎవరికైనా భయం వేస్తుంది. వేయాలి కూడా. కానీ పెరుగులో ఉన్నదీ యాసిడే, చింతపండులో ఉన్నదీ యాసిడే. ఏ యాసిడ్, ఎంత, ఎవరి చర్మానికి అన్నదే అసలు లెక్క.

ఈ మధ్య పెళ్ళిళ్ళలో, అపార్ట్‌మెంట్ లిఫ్టులో నలుగురైదుగురు ఆపి మరీ అడిగారు, "మీ అమ్మాయి మొహం తేటపడిందే, ఏం వాడారు?" అని. పేరు చెప్పడం ఒక్క నిమిషం పని. మాండెలిక్ యాసిడ్ సీరమ్. కానీ పేరొక్కటే చెప్తే సగం కూడా చెప్పినట్టు కాదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

మా అమ్మాయిది మొదట్నించీ మాట పడని చర్మం. సబ్బు మారిస్తే ఎర్రబడుతుంది, ఊరు మారి నీళ్ళు మారితే దద్దురు. అలాంటి చర్మం మీద ఇంటర్ రెండో ఏడాదిలో మొటిమలు మొదలయ్యాయి. బుగ్గల మీద, గడ్డం మీద. మొటిమ వారంలో పోయేది. అది వదిలి వెళ్ళిన నల్లమచ్చ ఆరు నెలలైనా కదిలేది కాదు. ఇక సలహాలకి కొదవా! నిమ్మకాయ చెక్క రుద్దమని ఒకరు, టూత్‌పేస్టు పెట్టమని ఒకరు, "వేడి చేసింది, సబ్జాగింజలు తాగించు" అని ఇంకొకరు. మా ఆడపడుచైతే పలకరింపు బదులు "అయ్యో, ఇంకా తగ్గలేదా" అనే మొదలుపెట్టేది.

పిల్ల ఎవర్నీ ఏమీ అనలేదు. ఇంట్లో పుట్టినరోజైనా, పండగైనా ఫోటో తీసే సమయానికి మాత్రం "మీరందరూ నిలబడండి, నేను తీస్తా" అని ఫోను తీసుకునేది. ఒకరోజు పాత ఫోటోలు సర్దుతుంటే తెలిసింది, రెండేళ్ళ ఫోటోల్లో అది ఎక్కడా లేదు. అన్నీ తను తీసినవే.

బీటెక్‌లో చేరి హాస్టల్‌కి వెళ్ళాక స్నేహితురాలు ఒక ట్యూబు ఇచ్చిందట. మందుల షాపులో చీటీ లేకుండానే దొరికింది. పది రోజుల్లో మొహం తెల్లగా, నున్నగా అయిపోయింది. దసరాకి ఇంటికొస్తే అందరూ మెచ్చుకున్నారు. సంక్రాంతికి వచ్చేసరికి కథ తిరగబడింది. ట్యూబు అయిపోయి నాలుగు రోజులు రాయకపోతే మొహమంతా ఎర్రగా మంట, పాత మొటిమలకి రెట్టింపు కొత్తవి. వంటింట్లో పొయ్యి దగ్గరికి కూడా రాలేకపోయింది. ఆ ఖాళీ ట్యూబు తీసుకుని విజయవాడలో చర్మం డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను.

ఆవిడ ట్యూబు తిప్పి సన్న అక్షరాల్లో ఉన్న ఒక పేరు చూపించారు. మొమెటాసోన్. అది స్టెరాయిడ్. ఇలాంటివి కొన్ని వారాలు మొహానికి రాస్తే చర్మం పలచబడుతుంది, సన్నటి రక్తనాళాలు పైకి కనిపిస్తాయి, ఒక్కోసారి మొహం మీద వెంట్రుకలు కూడా వస్తాయి. మానేస్తే మంట, రాస్తే తాత్కాలికంగా హాయి. అందుకే మానలేరు. మన దేశంలో ఈ బాధ ఎంత ఎక్కువంటే చర్మ వైద్యులు దీనికి "స్టెరాయిడ్ దెబ్బతిన్న మొహం" అని ప్రత్యేకంగా పేరే పెట్టుకున్నారు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులు కొన్నిటిని చీటీ ఉంటేనే అమ్మే మందుల్లో చేర్చింది. అయినా అడిగితే ఇచ్చే షాపులున్నాయి. మీ ఇంట్లో తెల్లబరిచే ట్యూబు ఏదైనా ఉంటే ఇప్పుడే వెళ్ళి చూడండి. బీటామెథాసోన్, మొమెటాసోన్, క్లోబెటాసాల్, ఈ పేర్లలో ఏది కనిపించినా సొంతంగా మొహానికి రాయకండి. ఇప్పటికే వాడుతుంటే డాక్టరుని అడిగి మానండి.

మరుసటి ఎనిమిది వారాలు యాసిడ్ ఊసే లేదు. మంట తగ్గడానికి డాక్టరుగారు ఇచ్చిన మందు కాక, నురగ ఎక్కువ రాని ఫేస్‌వాష్, వాసన లేని మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్, అంతే. "కాలిన చేతికి గాజులు తొడుగుతామా? ముందు చర్మం కుదుటపడనివ్వండి" అన్నారావిడ. మార్చిలో మంట పూర్తిగా తగ్గాక అప్పుడు మాండెలిక్ సీరమ్ రాశారు.

ఎందుకు అదే? నేను అడిగాను, ఆవిడ ఓపిగ్గా చెప్పారు. చర్మం పైపొరలో చచ్చిన కణాలు రోజూ రాలిపోతుంటాయి. కింద పుట్టిన కణం పైకి వచ్చి రాలిపోవడానికి సుమారు నెల పడుతుంది. మొటిమల చర్మంలో అవి సరిగ్గా రాలక, జిడ్డుతో కలిసి రంధ్రాల్ని మూసేస్తాయి. ఈ యాసిడ్లు ఆ కణాల మధ్య పట్టుని వదులు చేస్తాయి. గిన్నెకి అంటుకున్న మాడుని పీచుతో గీకడం వేరు, నీళ్ళు పోసి నానబెట్టడం వేరు కదా, అలాగన్నమాట.

ఆ నానబెట్టేవాటిలోనూ తేడాలున్నాయి. చెరకులో ఉండే గ్లైకోలిక్ యాసిడ్ అణుభారం 76. పులిసిన పాలలో ఉండే లాక్టిక్ యాసిడ్‌ది 90. మాండెలిక్‌ది 152. అణువు ఎంత చిన్నదైతే అంత గబగబా చర్మంలోకి దూరుతుంది, అంత చురుక్కుమంటుంది. గ్లైకోలిక్ గేటు తీయగానే పరుగెత్తుకొచ్చే పిల్లాడైతే, మాండెలిక్ చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని నెమ్మదిగా లోపలికొచ్చే పెద్దమనిషి. పని కాస్త ఆలస్యంగా చేస్తుంది, కానీ గొడవ చెయ్యదు.

ఆవిడ చెప్పినవాటిలో నాకు బాగా నాటుకున్న మాట ఇంకొకటుంది. మన గోధుమరంగు, చామనఛాయ చర్మాలకి ఎక్కడ మంట పుడితే అక్కడ రంగు పోగుపడుతుంది. మొటిమ వాపు తగ్గినా నల్లమచ్చ మిగిలేది అందుకే. అంటే మచ్చ పోవాలని గట్టిగా రుద్దినా, నిమ్మరసం పట్టించినా, ఘాటు యాసిడ్ రాసినా, ఆ మంటే ఇంకో మచ్చ అవుతుంది. మనకి మృదువుగా పోవడం అంటే నాజూకు కాదు, వైద్యంలో అదే ముఖ్యం.

సీసా ఇంటికి రాగానే మా అత్తయ్యగారు "యాసిడ్ పోసి పిల్ల మొహం కాల్చేస్తారా ఏమిటి" అని కంగారుపడ్డారు. ఈ యాసిడ్‌ని మొదట చేదు బాదం నుంచి తీశారనీ, జర్మన్ భాషలో మాండెల్ అంటే బాదమేననీ చెప్పాను. ఆ రోజు నుంచి ఆవిడ లెక్కలో అది "బాదం నీళ్ళు". రాత్రి తొమ్మిదిన్నరకి హాస్టల్‌కి ఫోన్ చేసి "బాదం నీళ్ళు రాసుకున్నావా అమ్మా" అని అడిగే బాధ్యత కూడా ఆవిడే తీసుకున్నారు.

ఎలా వాడామో వరసగా చెప్తాను. ముందు మూడు రాత్రులు చెవి కింద, దవడ అంచున ఒక చుక్క రాసి చూసుకుంది. ఏమీ కాలేదు. తర్వాత బుధవారం, ఆదివారం, వారానికి రెండే రాత్రులు. 5 శాతం సీరమ్. మొహం కడిగి, పూర్తిగా ఆరాక మూడు చుక్కలు. కళ్ళ చుట్టూ, పెదవుల చివర్లు, ముక్కు పక్క మడతలు వదిలేయాలి. పైన మాయిశ్చరైజర్. మిగతా ఐదు రాత్రులూ మాయిశ్చరైజర్ ఒక్కటే. ఆరు వారాలకి ఇంకో రాత్రి కలిపాం. ఇప్పటికీ మూడు దాటలేదు.

పొద్దున్న సన్‌స్క్రీన్ తప్పనిసరి. ఈ యాసిడ్లు వాడే చర్మానికి ఎండ తొందరగా తగులుతుంది. మా బెజవాడ ఎండ సంగతి చెప్పక్కర్లేదుగా! ఎస్‌పీఎఫ్ 30 కి తక్కువ కాకుండా, చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలంత, మొహానికీ మెడకీ. బయట తిరిగితే రెండు మూడు గంటలకోసారి మళ్ళీ. అది రాసుకునే ఓపిక లేకపోతే సీరమ్ మొదలుపెట్టకపోవడమే మంచిది.

ఈ నెలల్లో నలుగు, స్క్రబ్బు, బ్లీచ్ అన్నీ బంద్. పైపెదవికి వ్యాక్సింగ్ చేయించుకోవాలంటే వారం ముందు సీరమ్ ఆపాలి, లేకపోతే తోలు ఊడొస్తుంది. తలనూనె నుదుటి మీదికి జారితే అక్కడ మొటిమలు వస్తాయని తెలిసి, అత్తయ్యగారు తనంతట తనే మాడుకి పెట్టడం తగ్గించి జుట్టు చివర్లకే రాయడం మొదలుపెట్టారు. ఆవిడకి నూనె విషయంలో ఒప్పుకోవడం అంటే చిన్న సంగతి కాదు.

మూడో వారంలో గడ్డం మీద చిన్న చిన్న కురుపులు లేచాయి. పిల్ల ఫోన్లో ఏడ్చింది. డాక్టరుగారు చెప్పిన గుర్తు చెప్పాను. ఎప్పుడూ వచ్చే చోటే వచ్చి త్వరగా ఎండిపోతే కంగారు లేదు, లోపల మూసుకున్నవి బయటపడుతున్నాయని. కొత్త చోట వచ్చినా, దురద, మంట, వాపు ఉన్నా వెంటనే ఆపెయ్యాలి. దానివి వారంలో ఎండిపోయాయి.

అసలు పరీక్ష మే నెలలో వచ్చింది. మా ఆడపడుచు కూతురి పెళ్ళి. "ఇంకా మచ్చలున్నాయి కదా, రోజూ రాసెయ్యమను. లేదా పార్లర్లో బ్లీచ్ చేయిద్దాం, ఒక్కరోజుకేగా" అని ఆవిడ పట్టు. నేను వద్దంటే వద్దన్నాను. "నా ఒక్కగానొక్క కూతురి పెళ్ళికి పిల్ల బాగుండాలని అంటే తప్పా వదినా" అని నొచ్చుకుంది. తప్పు కాదు. కానీ ఒక్కరోజు ముచ్చటకి నాలుగు నెలల ఓపికని పణం పెట్టలేను.

ఇంట్లో ఇంకో నియమం కూడా పెట్టుకున్నాం. దాని మొహం గురించి దాని దగ్గర ఎవరూ మాట్లాడకూడదు. మా వారు "బాగా తగ్గిందని చెప్పినా తప్పేనా" అన్నారు. దానికి అదే జవాబిచ్చింది. "తగ్గిందన్నా నా మొహం గురించే కదా నాన్నా మాట్లాడేది. కాలేజీ గురించి అడుగు." ఆయన ఇంకేం మాట్లాడలేదు. మర్నాటి నుంచి నిజంగానే కాలేజీ గురించి అడగడం మొదలుపెట్టారు.

పెళ్ళిరోజు పొద్దున గడ్డం మీద కొత్తగా ఒక మొటిమ లేచింది. దాని మీద ఏమీ పులమలేదు. తలంబ్రాలప్పుడు ఫోటోగ్రాఫర్ అందర్నీ రమ్మంటే, ఎవరి ఫోనూ అడగకుండా వెళ్ళి పెళ్ళికూతురి పక్కన నిలబడింది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, మొహం అద్దంలా ఏమీ అయిపోలేదు. మూడు నెలలకి గరుకుతనం పోయింది, కొత్తవి రావడం బాగా తగ్గింది, నల్లమచ్చలు పలచబడ్డాయి. బుగ్గ మీద రెండు గుంటలు అలాగే ఉన్నాయి. గుంటల్ని ఏ సీరమూ పూడ్చదు, వాటికి వైద్యం వేరే. రంగు మారలేదు, మారాలని మేమూ అనుకోలేదు.

మీరూ మొదలుపెట్టాలనుకుంటే ఒక్క మాట. పెద్ద పెద్ద నొప్పి గడ్డలు లేస్తున్నా, గుంటలు పడుతున్నా సీరమ్‌తో కాలయాపన చెయ్యకండి. నెలసరి సరిగ్గా రాక, గడ్డం మీద వెంట్రుకలతో పాటు మొటిమలుంటే పీసీఓడీ ఉందేమో చూపించుకోండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, రాత్రిపూట వేరే మొటిమల మందు వాడేవాళ్ళు డాక్టరుని అడిగాకే మొదలుపెట్టండి. చర్మం ఇప్పటికే మండుతుంటే ముందు అది చల్లబడనివ్వండి.

ఇక సీసా కొన్నా కొనకపోయినా చేయగలిగింది ఒకటుంది. ఈసారి చుట్టాలింటికి వెళ్ళినప్పుడు అక్కడ మొటిమల వయసు పిల్ల కనిపిస్తే, మొహం సంగతి ఎత్తకండి. ఏం చదువుతున్నావు, హాస్టల్లో అన్నం ఎలా ఉంది అని అడగండి. దానికి డబ్బు ఖర్చు లేదు, ఎండ భయమూ లేదు.