మా మామ్మ చూసిన మధురవాణి

మహానటి సావిత్రి అనగానే అందరూ 'మాయాబజార్' అంటారు. మా మామ్మ మాత్రం 'కన్యాశుల్కం' అంటుంది. గురజాడ వారి ఆ నాటకాన్ని 1892లో తొలిసారి మన విజయనగరంలోనే ఆడారు. 1955లో పి. పుల్లయ్యగారు సినిమా తీస్తే, గుంటూరు జిల్లా చిర్రావూరు పిల్ల సావిత్రి మధురవాణి అయింది. అదే ఏడాది 'మిస్సమ్మ' కూడా!

మామ్మకి పన్నెండో ఏటే పెళ్లి. ఆ తర్వాతెప్పుడో బండి కట్టుకెళ్లి టూరింగు టాకీసులో ఆ సినిమా చూసిందట. ముసలి లుబ్ధావధాన్లు బారినుంచి సుబ్బిని తప్పించడానికి మధురవాణి సాయపడుతుంటే జనమంతా ఒకటే నవ్వులట. "నాను మాత్రం ఏడిసినానే గుంటా! మా ఊర్లో అలాటి మనిసి ఒకర్తీ నేకపోయింది" అంటుంది.

1968లో 'చిన్నారి పాపలు'కి దర్శకత్వం కూడా వహించిన సావిత్రి, చివరికి నెలల తరబడి స్పృహ లేకుండా ఉండి 1981 డిసెంబరు 26న కన్నుమూసింది. ఆ మాట వస్తే మామ్మ కొంగు కళ్లకద్దుకుంటుంది.

ఇంటరు కాగానే నాకూ సంబంధం తెచ్చారు. మామ్మ గుమ్మానికడ్డంగా కూర్చుని "గుంటని సదవనీండి" అంది. నాన్న ధాన్యం అమ్మి ఫీజు కట్టారు. ఇప్పుడు బి.ఎస్సీ. ఆఖరి ఏడు. మా ఇంటి మధురవాణివి నువ్వే అంటే మామ్మ కొడుతుందేమో గాని, నిజం అదే!