పగడాల దీవులకు ఏ ఋతువులో వెళ్లాలి?

మున్నేరు రంగు చూసి ఋతువు చెప్పగలవారం మేము. వేసవిలో నందిగామ పరిసరాల్లో ఇసుక మేటల నడుమ సన్నని పాయగా పారే ఆ ఏరు, వానలు ముదిరేసరికి ఎర్రమట్టి నీటితో ఒడ్డులొరసి పారుతుంది. 2023 జూలైలోనూ, మళ్లీ 2024 సెప్టెంబరు మొదట్లోనూ ఐతవరం వద్ద ఆ నీరు జాతీయ రహదారినే ముంచెత్తి, హైదరాబాదు–విజయవాడ రాకపోకలను ఆపివేసింది. జగ్గయ్యపేట వైపున ముక్త్యాల రేవులో కృష్ణ పొంగితే, మాదిపాడుకు వెళ్లే బల్లకట్టు కూడా ఒడ్డునే ఆగిపోతుంది. నీటిని చూసి ప్రయాణం పెట్టుకోవాలన్న ఎరుక ఈ నేలలో పుట్టిన మాకు ఎవరూ నేర్పనవసరం లేదు. అయినా సముద్రం విషయానికి వచ్చేసరికి దానిని మరచిపోయాము.

మా అమ్మాయికి పన్నెండేళ్లు, అబ్బాయికి పధ్నాలుగు. వీపున గాలి సిలిండరు కట్టుకుని సముద్రం అడుగున ఈదే స్కూబా డైవింగ్ గురించి వారు రెండేళ్లుగా అడుగుతున్నారు. దసరా సెలవులు రాగానే, కూడబెట్టిన డబ్బు తీసుకుని విశాఖపట్నం వెళ్లాము. బడి సెలవులు చూసుకున్నామే గాని సముద్రాన్ని అడగలేదు. ఋషికొండ తీరాన నీటిలో దిగిన అమ్మాయికి, చాచిన తన చేతివేళ్లే కనిపించలేదు. బయటికి వచ్చి, “అమ్మీ, ఇది మన మున్నేరే!” అని ఏడ్చింది.

ఆ మాటలో నిజం లేకపోలేదు. మున్నేటి మట్టి కృష్ణలో కలిసి, చివరికి బంగాళాఖాతానికే చేరుతుంది. గోదావరి, మహానది, గంగ కూడా వానకాలపు నీటిని ఆ సముద్రంలోనే కుమ్మరిస్తాయి. అక్టోబరులో తూర్పుతీర ప్రవాహం దక్షిణానికి తిరిగి, ఆ నదీజలాలను మన తీరం వెంబడి మోసుకువస్తుంది. విశాఖలో నీరు తేరుకోవడానికి ఇంకా కొన్ని నెలలు పడుతుంది.

ఇంటికి వచ్చాక పిల్లల దాదాజాన్ విషయమంతా విని, “పత్తి గింజ నాటడానికి అదును చూస్తాం గదా బేటా! సముద్రానికి మౌసమ్ ఉండదా?” అన్నారు. ఆయన వాడిన ఆ మాటకు పెద్ద చరిత్రే ఉంది. ‘మౌసిమ్’ అంటే అరబ్బీలో ఋతువు, తగిన కాలం. అరబ్బు నావికులు హిందూ మహాసముద్రంలో గాలులు తిరిగే కాలాన్ని బట్టి ఓడలు నడిపేవారు. వారి మాటే పోర్చుగీసువారి నోట మారి, ‘మాన్సూన్’గా ప్రపంచమంతా పాకింది. పదిహేనవ శతాబ్దపు నావికుడు అహ్మద్ ఇబ్న్ మాజిద్ తన నౌకాయాన గ్రంథంలో ఏ రేవు నుంచి ఎప్పుడు బయలుదేరాలో వివరించాడు. వారు గాలికి తగినట్టు ప్రయాణం పెట్టుకున్నారు. మేము ప్రయాణం పెట్టుకుని, గాలి అందుకు తగినట్టు ఉండాలనుకున్నాము.

ఈసారి లక్షద్వీప్‌ను ఎంచుకున్నాము. కొచ్చి నుంచి కవరత్తికి 400 కిలోమీటర్లకు పైగా సముద్రయానం. ఆ దీవులకు వెళ్లడానికి అనుమతి పత్రం తప్పనిసరి కనుక నెలల ముందే సిద్ధం కావాలి. అక్కడ బురద మోసుకువచ్చే నదులు లేవు. అందువల్ల మంచి కాలంలో నీటి అడుగున 20 మీటర్ల దూరం స్పష్టంగా కనిపిస్తుంది. అయితే ఆ మంచి కాలం అక్టోబరు నుంచి మే నెల నడిమి వరకే. తరువాత నైరుతి గాలులు కెరటాలను లేపుతాయి. ద్వీపవాసులే పడవలను ఒడ్డుకు లాగుకుంటారు. చూర చేపల వేట దాదాపు నిలిచిపోతుంది.

ఇక మా బడి సెలవులను ఒక్కొక్కటిగా తూచి చూశాము. దసరా ఋతువు మొదట్లో వస్తుంది. అప్పటికి సముద్రం పూర్తిగా సర్దుకోదు. వేసవి సెలవులు ఏప్రిల్ చివర మొదలవుతాయి గనుక మిగిలేది రెండు మూడు వారాలే. తుఫానుల భయం ఋతువు రెండు కొసలకూ ఉంది. 2017 డిసెంబరు మొదట్లో ఓఖీ, 2021 మే నెలలో తౌక్తే ఆ దీవులను దెబ్బతీశాయి. పైగా ఎండాకాలపు నీరు మరీ వేడెక్కిన ఏడు పగడాలు రంగు కోల్పోయి తెల్లబడతాయి. 1998, 2010, 2016, 2024 సంవత్సరాలలో అదే జరిగింది. మిగిలింది సంక్రాంతి. జనవరి నడిమి ఆ వారం రోజులు డైవింగ్ ఋతువుకు సరిగ్గా మధ్యన పడతాయి.

అయితే మన ఇళ్లలో మరో క్యాలెండరు కూడా ఉంది. చాంద్రమానం వల్ల రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2026లో అది ఫిబ్రవరి మూడో వారంలో మొదలైంది. నెలవంకను బట్టి ఒక రోజు అటూ ఇటూగా, 2027లో ఫిబ్రవరి రెండో వారంలో, 2028లో జనవరి చివరి వారంలో, 2029లో సరిగ్గా సంక్రాంతి రోజుల్లోనే మొదలవుతుంది. అంటే సంక్రాంతి వీలు మనకు 2028 వరకే. ఉపవాసంతో డైవింగ్ తగదు. ఒంట్లో నీరు తగ్గితే, లోతు నుంచి పైకి వచ్చేటప్పుడు రక్తంలో గాలి బుడగలు ఏర్పడే ప్రమాదం పెరుగుతుంది. విహారాన్ని వాయిదా వేసుకోవచ్చు, రంజాన్‌ను వేయలేము.

అలా గత సంక్రాంతికి కవరత్తి చేరాము. భాష మలయాళం. మాకు ఒక్క ముక్క రాకపోయినా, సలాముతో ప్రతి గుమ్మమూ తెరచుకుంది. ఉజ్రా మసీదులో చెక్కపై చెక్కిన పనితనాన్ని దాదాజాన్ నమాజు తరువాత చాలాసేపు చూస్తూ కూర్చున్నారు. ఆడపిల్లను సముద్రంలోకి ఎలా దింపుతారని ఊళ్లో అడిగినవారు ఉన్నారు. డైవింగ్ దుస్తులు మెడ నుంచి మడమ దాకా కప్పుతాయి, తలకూ తొడుగు ఉంటుంది. ఆ చింత మాకు మిగలలేదు.

చింత మరొకచోట ఎదురైంది. చలికాలం కదా, అబ్బాయికి ఓడలోనే జలుబు పట్టుకుంది. ముక్కు మూసుకుపోతే చెవుల్లో ఒత్తిడి సర్దుకోదు. పది మీటర్లు దిగేసరికి నీటి పీడనం పైన ఉన్నదానికి రెట్టింపవుతుంది, కర్ణభేరి చిట్లవచ్చు. రెండు రోజులు వాడిని ఒడ్డునే కూర్చోబెట్టాము. వాడు అలిగాడు, మాకూ మనసు కలుక్కుమంది. మూడో రోజు శిక్షకుడు పరీక్షించి సరేనన్న తరువాతే దింపాము. తిరుగు ప్రయాణం ఓడలో గనుక చివరి రోజున దిగినా ఇబ్బంది లేకపోయింది. విమానంలో వచ్చేవారు మాత్రం ఒక్కసారి దిగితే కనీసం 12 గంటలు, పలుమార్లు దిగితే 18 గంటలు ఆగవలసి ఉంటుంది. పదేళ్లలోపు పిల్లలను దింపరు. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారు వైద్యుని అనుమతి లేకుండా దిగరాదు.

నీటి నుంచి వచ్చిన అమ్మాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత తాబేలు గురించి, చిలుక చేపల గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పింది. చివరగా, “కొన్ని పగడాలు తెల్లగా ఎముకల్లా ఉన్నాయి అమ్మీ, అవి మళ్లీ బతుకుతాయా?” అని అడిగింది. నీరు త్వరగా చల్లబడితే కొన్ని కోలుకుంటాయనీ, అందుకు ఏళ్లు పడుతుందనీ శిక్షకుడు చెప్పాడు. సూరా రహ్మాన్‌లో ముత్యంతో పాటు పగడం పేరు చదివినప్పుడల్లా, ఇకమీదట మా పిల్లలకు ఆ తెల్లని కొమ్మలు కూడా గుర్తుకు వస్తాయి.

తిరిగి వస్తూ కీసర వంతెన మీద బస్సు కిటికీలోంచి మున్నేటిని చూశాము. జనవరి ఎండలో నీరు తేటగా ఉంది. “అదును ఇదే!” అన్నారు దాదాజాన్. ఈసారి ఆ మాటకు అందరమూ తల ఊపాము.