గ్రంథి పోయింది, గుట్టు మిగిలింది

ఒంట్లో ప్రోస్టేట్ అనే గ్రంథి ఒకటుందన్న సంగతి అరవై దాటేదాకా చాలామంది మగవాళ్లకు పట్టదు. మూత్రాశయం కింద, మూత్రనాళాన్ని చుట్టుకుని ఉండే ఆ ఉసిరికాయంత గ్రంథిని క్యాన్సర్ వచ్చి తీసేయాల్సి వచ్చినప్పుడే అది ఎన్నిటితో ముడిపడి ఉందో తెలిసొస్తుంది. విజయవాడలోని ఓ రిటైర్డ్ బ్యాంకు అధికారికి 64వ ఏట అది తెలిసింది. ఆపరేషన్ మూడు గంటల్లో అయిపోయింది. కోలుకోవడానికి ఏడాది పట్టింది. అందులో సగం కాలం ఆయనకు దాచడంతోనే సరిపోయింది.

బెంగళూరులో ఉన్న కొడుకుతో 'చిన్న ఆపరేషనేరా' అన్నారు. బంధువులకు 'ప్రోస్టేట్ పెరిగింది' అని చెప్పారు. దాంతో ఫోన్లు మొదలయ్యాయి. 'మా బావగారికీ అదే. నాలుగో రోజుకల్లా రైతు బజారుకు వెళ్లొచ్చారు' అని ఒకరు, 'ఈ మాత్రానికే మంచం దిగకపోతే ఎలా?' అని ఇంకొకరు. నిజానికి ఆ రెండు ఆపరేషన్లకూ పోలికే లేదు. వయసుతో పెరిగిన గ్రంథికైతే అడ్డుపడుతున్న లోపలి భాగాన్నే మూత్రనాళం గుండా చెక్కి తీస్తారు. క్యాన్సర్‌కు గ్రంథి మొత్తాన్ని, దాని వెనకున్న వీర్యకోశాలతో సహా తీసి, మూత్రాశయాన్ని మళ్లీ మూత్రనాళానికి కలిపి కుట్టాలి. ఆ కుట్టు మానేదాకా వారం పది రోజులు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, క్యాథెటర్ ఉంచాలి. ఆరు వారాలు బరువులెత్తకూడదు. మలబద్ధకం రానివ్వకూడదు. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా మాత్రం రోజూ నడవాలి. ఇవేవీ ఫోన్లో చెప్పలేక 'నీరసంగా ఉంది' అనేవారాయన.

ట్యూబు తీసిన రోజుతో కష్టాలు తీరుతాయనుకున్నారు. ఆస్పత్రి లిఫ్టు దగ్గరికి చేరకముందే ప్యాంటు తడిసింది. అది అసాధారణమేమీ కాదు. మూత్రాన్ని ఆపే ఏర్పాటులో కొంత గ్రంథితోపాటే పోతుంది. మిగిలిన కండరం ఆ బరువును ఒంటరిగా మోయడం నేర్చుకోవాలి. ఎక్కువమందికి మూడు నెలల నుంచి ఏడాదిలోగా అదుపు తిరిగొస్తుంది. కొద్దిమందికి పూర్తిగా రాదు. అప్పటిదాకా దగ్గినా, తుమ్మినా, కుర్చీలోంచి లేచినా నాలుగు చుక్కలు పడతాయి. డాక్టరు ఇదంతా ముందే చెప్పారు. కానీ వినడం వేరు, తడవడం వేరు.

ప్యాడ్లు కొనడానికి మందుల షాపు దాకా వెళ్లి దగ్గు మందు కొనుక్కుని వచ్చేశారాయన. చివరికి భార్యే తెచ్చారు. షాపు కుర్రాడు దాన్ని పాత పేపర్లో చుట్టి నల్ల కవర్లో పెట్టిచ్చాడట. ఇన్నేళ్ల కాపురంలో అలాంటి నల్ల కవర్లు ఆ ఇంటికి ఎన్నో వచ్చాయి. వాటివైపు ఆయన ఎప్పుడూ చూడలేదు.

ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామం కూడా ఆడవాళ్ల కోసం పుట్టిందే. ప్రసవం తర్వాత కటి కండరాలు వదులైన స్త్రీల కోసం అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో దాన్ని ప్రచారంలోకి తెచ్చారు. మూత్రాన్ని బిగబట్టినట్టు కండరాన్ని బిగించి కొన్ని క్షణాలు ఉంచి వదలాలి. రోజుకు మూడు పూటలా చేయాలి. ఆయన మరిచిపోతుంటే ఆమె ఓ ఉపాయం కనిపెట్టారు. కుక్కర్ విజిల్ వేసినప్పుడల్లా వంటింట్లోంచి 'ఏమండీ!' అని కేక వచ్చేది.

అన్నిటికన్నా ఆయన్ను కుంగదీసింది పూజ ఆగిపోవడం. ఒళ్లు శుభ్రంగా లేదన్న భావనతో దేవుడి గదిలోకి అడుగు పెట్టలేదు. నెల రోజులు చూసి ఆమె ఓ రోజు అడిగేశారు. 'పక్క తడిపే పిల్లాణ్ని ఒళ్లో పెట్టుకుని నేను దీపం పెట్టలేదా? దేవుడు అప్పుడు వద్దన్నాడా?' ఆయన దగ్గర జవాబు లేదు. మర్నాడు స్నానం చేసి, ప్యాడ్ పెట్టుకుని పీట మీద కూర్చున్నారు.

అంతకన్నా పెద్ద మౌనం ఇంకొకటుంది. రాత్రిళ్లు లేవాల్సి వస్తోందంటూ ఆయన మంచం ముందు గదిలోకి మార్చుకున్నారు. క్యాన్సర్ ముదిరిన సంగతి తన దగ్గర దాస్తున్నారని ఆమె భయపడ్డారు. ఆయన దాస్తున్నది వేరు. అంగస్తంభనకు కారణమయ్యే నరాలు ఆ గ్రంథికి రెండు పక్కలా అంటిపెట్టుకుని ఉంటాయి. వాటిని కాపాడుతూ ఆపరేషన్ చేసే పద్ధతిని బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ సర్జన్ పాట్రిక్ వాల్ష్ 1982లో మొదలుపెట్టారు. తర్వాత రోబోలు వచ్చాయి. డెట్రాయిట్‌లో ఈ విద్యను అభివృద్ధి చేసిన కేంద్రానికి ఉన్నది ఓ తెలుగు దాత, రాజ్ వట్టికూటి ఇంటిపేరే. రోబోతో రక్తస్రావం తగ్గింది. అయితే 2018లో వెలువడ్డ ఓ ఆస్ట్రేలియా అధ్యయనం ప్రకారం రెండేళ్లు గడిచాక మూత్రం అదుపులో గానీ, లైంగిక సామర్థ్యంలో గానీ పాత పద్ధతికీ దీనికీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

మూడో నెల పరీక్షలో పీఎస్‌ఏ 0.1 కన్నా తక్కువని తేలింది. గ్రంథి లేని ఒంట్లో అది దాదాపు కనిపించకూడదు కాబట్టి మంచి కబురే. 'ఇంకేమైనా అడగాలా?' అన్నారు డాక్టరు. ఏమీ లేదన్నారాయన. పక్క కుర్చీలోంచి ఆమె అందుకున్నారు. 'ఉందండీ. ఈయన అడగరు, నేనడుగుతా.' నరాలు నిలిచినా తేరుకోవడానికి ఏడాదిన్నర, రెండేళ్లు పట్టొచ్చనీ, మాత్రలతో మొదలుపెట్టి వేరే మార్గాలూ ఉన్నాయనీ, ఇక వీర్యం రాదు గానీ అనుభూతి పోదనీ డాక్టరు వివరించారు. ఆ రాత్రి మంచం మళ్లీ లోపలికి వచ్చింది. సమస్య తీరలేదు. కానీ అది ఇద్దరిదీ అయింది.

దాపరికం మన దగ్గరే ఉందనుకోనక్కర్లేదు. అమెరికా రక్షణ మంత్రిగా ఉండగా లాయిడ్ ఆస్టిన్ 2023 డిసెంబరు 22న ఇదే ఆపరేషన్ చేయించుకున్నారు. ఇన్ఫెక్షన్ సోకి 2024 జనవరి 1న మళ్లీ ఆస్పత్రిలో చేరారు. ఆయన ఆస్పత్రిలో ఉన్నట్టు అధ్యక్షుడు బైడెన్‌కు నాలుగో తేదీన, క్యాన్సర్ అని తొమ్మిదిన తెలిసింది. చెప్పకపోవడం తప్పేనని ఫిబ్రవరి 1న ఆస్టిన్ బహిరంగంగా క్షమాపణ కోరారు. సైన్యాన్ని నడిపే మనిషికే నోరు పెగలని చోట బ్యాంకు అధికారిని తప్పుపట్టేదేముంది?

ఎనిమిదో నెలలో ఆయన పార్కులో వాకింగ్ మిత్రులతో అసలు సంగతి చెప్పేశారు. ఎవరూ నవ్వలేదు. బెంచీ చివర కూర్చున్న ఓ పెద్దమనిషి మాత్రం అందరూ వెళ్లేదాకా ఆగి, జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన రిపోర్టు తీశారు. వచ్చే నెల ఆపరేషనట. ఇంట్లో ఇంకా చెప్పలేదట. ముందు ఇంట్లో చెప్పమన్నారాయన. ఆ తర్వాత, ట్యూబు తీయించుకోవడానికి వెళ్లే రోజు సంచిలో రెండు ప్యాడ్లు, ముదురు రంగు ప్యాంటు ఒకటి పెట్టుకోమన్నారు.