అటక మీది సంగీతం

అరవై అయిదేళ్ళొచ్చాక మనం ఏం చేస్తామండీ? "ఇంకేముంది, కృష్ణా రామా అనుకోవడమే" అంటారు కదూ! సరిగ్గా ఆ వయసులో ఎలిజబెత్ కాటన్ అనే అమెరికా ఆవిడ పాటల ఆల్బం మొదటిసారి వచ్చింది, 1958లో. అప్పటికి ఆవిడ ఓ ఇంట్లో పనిమనిషి!

ఆవిడ 1893లో నార్త్ కరోలినాలో ఓ పేద నల్లజాతి కుటుంబంలో పుట్టింది. చిన్నపిల్లగా ఉన్నప్పుడే ఇళ్ళల్లో పనిచేసి, ఆ డబ్బుతో గిటారు కొనుక్కుంది. ఎడమచేతి వాటం కదా, దాన్ని తిరగేసి పట్టుకుని తనంతట తనే నేర్చుకుంది. ఇంటి దగ్గర పోయే రైళ్ళను చూస్తూ గూడ్సు బండి మీద పాట కట్టింది. అదే తర్వాత పేరుమోసిన 'ఫ్రెయిట్ ట్రెయిన్'. ఆ పైన పెళ్ళి, కూతురు, చాకిరీ. గిటారు ఏళ్ళ తరబడి మూలపడింది.

ఓసారి తాను పనిచేసే దుకాణంలో తప్పిపోయిన పాపను తల్లికి అప్పగించింది. ఆ పరిచయంతోనే వాళ్ళింట్లో పనికి కుదిరింది. వాళ్ళు సంగీతమే జీవితంగా బతికే సీగర్ కుటుంబం. గోడకున్న గిటారు తీసి ఆవిడ వాయించడం విన్నారు. ఆ ఇంటి అబ్బాయి మైక్ ఆవిడ పాటలు రికార్డు చేశాడు.

బ్లూస్ అంటే అక్కడి నల్లవారు తమ కష్టసుఖాలు చెప్పుకున్న పాటలు. ఇంగ్లీషు పాటలకు నేనూ ఆమడ దూరమే. మా అమ్మాయి ఫోన్లో పెడితే, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ విన్నాను. ఆ గొంతులో ఎవర్నో మెప్పించాలన్న తాపత్రయం లేదు. పని చేసుకుంటూ తనలో తాను పాడుకున్నట్టుంది. గిటారు మాత్రం ఇద్దరు వాయిస్తున్నట్టుంది! బొటనవేలితో రాగం, మిగతా వేళ్ళతో కింది స్వరాలు మీటుతుందట. మాటలు సగం అర్థం కాకపోయినా, చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది.

పెళ్ళికి ముందు నేను ఆరేళ్ళు వీణ నేర్చుకున్నాను. అది ఇప్పుడు మా పుట్టింటి అటక మీదుంది. అంట్లు తోమి, పిండి కలిపిన వేళ్ళకు స్వరాలెక్కడ గుర్తుంటాయిలే అనుకునేదాన్ని. ఈవిడ వేళ్ళకు గుర్తున్నాయిగా! తొంభై దాటాక, 1985లో, మరో ఆల్బంకు గ్రామీ అవార్డు కూడా అందుకుంది. 1987లో కన్నుమూసింది.

వచ్చే నెల పుట్టింటికెళ్ళినప్పుడు వీణ దింపించి, కొత్త తీగలు వేయించాలనుకుంటున్నాను. "ఇప్పుడెందుకే?" అని అమ్మ అననే అంటుంది. అననీయండి.

ఇంతకీ మీ అటక మీద ఏముందండీ?