నాయన పోయాక నాయనమ్మతో

కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి. మనలో చాలామంది ఇళ్ళల్లో ఇదే జరుగుతుంది, కానీ ఎవరూ రాయరు.

మాది వేటపాలెం దగ్గర యానాది కాలనీ. నేను తెనాలిలో హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాలుగు నెలల కిందట కామెర్లు ముదిరి నాయన కూడా పోయాడు. ఇప్పుడు ఇంట్లో నాయనమ్మ ఒక్కతే. రెండు కళ్ళల్లో పొర వచ్చింది, ఒక చెవి సరిగా వినపడదు. ఆధార్‌లో పుట్టినరోజు జనవరి 1 అని ఉంటది, మన పెద్దోళ్ళు చాలామందికి ఉన్నట్టే.

నాయన వరి పొలాల్లో ఎలకబుట్టలు పెట్టేవాడు. ఆయన ఫోను ఇప్పుడు నా దగ్గరుంది. సీజన్‌లో రైతులు ఇంకా చేస్తూనే ఉన్నారు. "లేడండీ" అంటే "ఎప్పుడొస్తాడు?" అంటారు. రెండోసారి విడమరిచి చెప్పాల్సి వస్తది. ఆ రెండోసారి చెప్పడమే కష్టం.

దినం అయిన మర్నాడే ఒక రొయ్యల చెరువు యజమాని మనిషిని పంపాడు. కాపలాకి రమ్మని, గట్టు మీద గుడిసె ఇస్తామని, ముసలమ్మని కూడా తెచ్చుకోమని, ముప్పై వేలు ముందే ఇస్తామని. మా బంధువులు కొందరు మంచిదే కదా అన్నారు. అప్పు కింద పని చేయించుకోవడాన్ని 1976లోనే చట్టం రద్దు చేసింది. అయినా అడ్వాన్సు తీసుకుని గట్టెక్కినోళ్ళు ఎప్పుడు దిగుతారో మన కాలనీల్లో అందరికీ తెలుసు. నేనేం మాట్లాడకముందే నాయనమ్మ అంది: "వాడు నిన్ను గట్టు మీద కూర్చోబెట్టడానికి చదివించలా. నువ్వు పో."

పో అనడం తేలికే. ఆమెకి నీళ్ళెవరు తెస్తారు? స్కాలర్‌షిప్‌కి 75 శాతం హాజరు ఉండాలి, నాది ఇప్పుడు 78. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం. శనివారం సాయంత్రం పాసింజరెక్కి ఇంటికొస్తా, సోమవారం పొద్దున్నే వెళ్ళిపోతా. మిగతా రోజులు పక్కింటి పిన్ని కూర ఇస్తది, నేను పొయ్యిలోకి పుల్లలు కొట్టిపెట్టి వెళ్తా. నెల మొదట్లో సచివాలయం వాళ్ళు ఇంటికే నాలుగు వేల పింఛను తెస్తారు. పీతలు పట్టీ పట్టీ ఆమె వేళ్ళు అరిగిపోయి ముద్ర పడదు, ముఖం ఫొటో తీసి ఇస్తారు. ఆదివారం తలకి నూనె పెట్టి, గోళ్ళు తీసి, బట్టలు ఉతుకుతా. మగపిల్లాడు నాయనమ్మకి జడేస్తున్నాడని మొదట్లో నవ్వారు, ఇప్పుడు నవ్వట్లేదు.

నేను ఏడిస్తే ఆమె బెంగ పెట్టుకుంటదని నేను ఏడవను. ఆమె కూడా నేనున్న రెండు రోజులూ ఏడవదు. నేను రైలెక్కాక ఏడుస్తదని పిన్ని చెప్పింది. నేనూ రైల్లోనే.

మరణ ధ్రువపత్రం కోసం పదిహేనో రోజున వెళ్ళా. ఇంట్లో పోయినా పంచాయతీలో నమోదు చేయించొచ్చు. 21 రోజుల్లోపు అయితే ఫీజు లేదు. 30 రోజులు దాటితే పై అధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఆర్డరు కావాలి. కాగితం తెచ్చాక "ఏం రాశారు, చదువు" అంది నాయనమ్మ. పేరు, తండ్రి పేరు, ఊరు, తేదీ చదివా. "మీ తాతకి ఇది కూడా లేదు" అంది. మళ్ళీ చదవమంది.

మా ఊళ్ళో 1918లో మొదలైన సారస్వత నికేతనం ఉంది, పాత పేపర్ల కోసం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. నాయనమ్మ పడుకున్నప్పుడు నేనక్కడికి పోయి చదువుకుంటా. అంత కాగితంలో మనోళ్ళ చావుపుట్టుకలు ఎన్ని ఉంటాయా అనిపిస్తది. అందుకే చెబుతున్నా, ఇంట్లో ఎవరైనా పోతే దినాల హడావిడిలో ఈ పని వదిలేయకండి.

ఇంకొకటి. పోయినవాళ్ళ బ్యాంకు పాసుబుక్కు చూడండి. ఏడాదికి 436 రూపాయలు కట్ అయి ఉంటే అది జీవన్ జ్యోతి బీమా, ఎలా పోయినా నామినీకి రెండు లక్షలు అడగొచ్చు. 20 రూపాయలది ప్రమాదానికే. మా నాయన బుక్కులో 20దే ఉంది, మాకేం రాలేదు. మీ వాళ్ళది ముందే చూసుకోండి. మనసు బాగా లేకపోతే 14416కి చెయ్యండి, టెలీ మానస్, డబ్బులేం అడగరు. ఒకరాత్రి నేనూ చేశా. తెలుగులోనే మాట్లాడారు.

సంక్రాంతి సెలవుల్లో నాయనమ్మకి ఒక కంటికి ఆపరేషన్ చేయిద్దామనుకుంటున్నా. ఆ తర్వాత ఎన్నాళ్ళు పక్కన మనిషి ఉండాలి? పొయ్యి దగ్గరికి ఎప్పుడు పోనివ్వాలి? మీ ఇళ్ళల్లో చేయించినవాళ్ళు చెప్పండి. నా చేతిలో మూడు శాతం హాజరే ఉంది, దాన్ని బట్టి రోజులు లెక్కేసుకోవాలి.