బియ్యపు గింజంత ముల్లు

మేము అక్కాచెల్లెళ్లం. పశ్చిమ గోదావరి జిల్లాలో నరసాపురం దగ్గర ఒక పల్లెలో పుట్టి పెరిగాం. చేపలంటే మాకు తెలిసినవి బొచ్చె, శీలావతి, కొర్రమీను. పులస సంగతి సరేసరి. పురుగు బొమ్మను చేత్తో కట్టి, దానితో చేపను పట్టి, పట్టిన చేపను మళ్లీ నీళ్లలోనే వదిలిపెట్టే మనుషులు ఉంటారని 2019 వేసవి వరకు మేమెరుగం.

ఆ ఏడాది మే నెలలో మాలో చిన్నదాని కొడుకు మమ్మల్నిద్దరినీ అమెరికా పిలిపించాడు. పెన్సిల్వేనియా రాష్ట్రంలో స్టేట్ కాలేజ్ అని ఒక ఊరు. ఊరి పేరే కాలేజీ! పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం ఉన్నది అక్కడే. అబ్బాయీ కోడలూ పొద్దున్నే ఉద్యోగాలకు వెళ్లిపోతే మేము కిటికీ దగ్గర కూర్చుని వీధి చూసేవాళ్లం. మనిషి కనబడితే ఆ రోజు పండుగే. అలా కనబడే మనిషి ఎక్కువగా పక్కింటి పెద్దాయన. ఎనభై దాటాయి, భార్య పోయి చాలా కాలమైందట. కారు షెడ్డులో బల్ల ముందు దీపం వేసుకుని, ఏదో చిన్న వస్తువు మీద వంగి గంటలకొద్దీ కూర్చునేవారు. గడియారాలు బాగుచేస్తారేమో అనుకున్నాం. ఒకరోజు గారెలు ఇచ్చే వంకతో వెళ్లి చూశాం.

బల్లకు బిగించిన చిన్న వైసు. దాని నోట్లో ఒక గాలపు ముల్లు. ఈ ముళ్లకు నంబర్లుంటాయి, నంబరు పెరిగేకొద్దీ ముల్లు చిన్నదవుతుంది. ఆయన కడుతున్నది 18 నంబరు. బియ్యపు గింజంత ఉంటుంది. అంతకన్నా చిన్నవి కూడా ఉన్నాయని చూపించారు గాని, మా కళ్లకు అవి ఆనలేదు.

మాలో చిన్నది ఇంగ్లీషు టీచరుగా రిటైరైంది కాబట్టి మాటలకు లోటు లేదు. పెద్దది ఏడో తరగతితో ఆగిపోయింది. ఎందుకు ఆగిందో తర్వాత చెబుతాం.

ఆయన చెప్పింది ఇది. ట్రౌట్ అనేది చల్లని పారే నీళ్లలో బతికే చేప. మే ఫ్లై అనే ఒక రకం ఈగ చిన్నప్పుడంతా నీటి అడుగున రాళ్లను పట్టుకుని పురుగుగా బతుకుతుంది. కొన్ని రకాలు ఏడాది పాటు అలాగే ఉంటాయి. ఆ పురుగునే నింఫ్ అంటారు. రోజు వచ్చినప్పుడు పైకి ఈదుకొచ్చి, చర్మం విడిచి, రెక్కలతో ఎగిరిపోతుంది. ఎగిరాక దాని ఆయుష్షు ఒకటి రెండు రోజులే. చేప తినేది ఎక్కువగా నీళ్ల అడుగునే గనుక, ఎగిరే ఈగ బొమ్మకన్నా ఈ పురుగు బొమ్మకే తరచుగా పడుతుంది.

ఆయన కడుతున్నదాన్ని ఫెజెంట్ టెయిల్ నింఫ్ అంటారు. ఇంగ్లండులో ఏవన్ నది మీద నెదరేవన్ అనే ఊళ్లో ఫ్రాంక్ సాయర్ అని నది కావలిదారు ఉండేవారట. నదిని శుభ్రంగా ఉంచడం, చేపలను సంరక్షించడం ఆయన ఉద్యోగం. 1958లో నింఫుల గురించి పుస్తకం రాశారు. ఆయన కట్టే పద్ధతిలో దారమే లేదు! వెంట్రుకంత రాగి తీగ, ఫెజెంట్ తోక ఈక నుంచి నాలుగు పోగులు, అంతే. ఫెజెంట్ అంటే మన నెమలికీ అడవికోడికీ చుట్టం. ముందు రాగి తీగను ముల్లు పొడవునా చుట్టి, రొమ్ము దగ్గర కొంచెం ఉబ్బెత్తు చేస్తారు. ఈక పోగుల కొసలను తోకగా నిలబెట్టి, మిగిలిన పోగులను తీగతో కలిపి పేని, ముందుకు చుట్టుకుపోతారు. రొమ్ము మీద పోగులను వెనక్కీ ముందుకూ మడిచి కట్టేస్తే రెక్కలు దాగిన వీపు. కాళ్లు పెట్టరు. ఆ పురుగు ఈదేటప్పుడు కాళ్లు ఒంటికి అదుముకుంటుందని సాయర్ గమనించారట. రాగి బరువుకు బొమ్మ వెంటనే మునుగుతుంది.

పెద్దది ఇదంతా మాట్లాడకుండా చూసింది. తర్వాత ఆయన కుర్చీ వైపు చెయ్యి చూపించింది, లేవమన్నట్టు. ఆయన నవ్వి లేచారు. మొదటిది తీగ తెగి పాడైంది. రెండోది లావైంది, నేరేడు గింజలా ఉంది. మూడోదాన్ని ఆయన దీపం కింద తిప్పితిప్పి చూసి, తన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. "ఈవిడ ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగారు.

పెద్దది తెలుగులో చెప్పింది. "లేసు అల్లాను. చెల్లెలి ఫీజు కోసం."

నరసాపురం లేసు గురించి పాఠకుల్లో చాలామందికి తెలిసే ఉంటుంది. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీ దొరసానులు నేర్పిన పని. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, సంతోషమే. కాని 1964లో మా నాన్న పోయినప్పుడు మా ఇంట్లో లేసు అంటే దీపం బుడ్డి, వంగిన మెడలు, తూచి ఇచ్చిన దారం. రోజంతా అల్లినా చేతికొచ్చేది అణాల లెక్కే. ఒకసారి చిన్న మరక ఉందని వ్యాపారి తాలూకు మనిషి నెల రోజుల పనిని విసిరికొట్టాడు. పెద్దదానికి అప్పుడు పన్నెండేళ్లు, చిన్నదానికి తొమ్మిది. ఒక్కరి చేతులు చాలవు, అమ్మకు రెండో జత కావలసి వచ్చింది. చిన్నది హైస్కూలుకు వెళ్లింది, తర్వాత కాలేజీకి, ట్రైనింగుకు. పెళ్లయిన రోజు నుంచి లేసు సూది ముట్టనని పెద్దది ఒట్టు పెట్టుకుంది. ముట్టలేదు కూడా. ఈ విషయం మేమిద్దరం యాభై ఏళ్లలో ఒక్కసారీ మాట్లాడుకోలేదు.

ఇప్పుడు ఆ మాటను ఇంగ్లీషులోకి మార్చి చెప్పాల్సింది చిన్నదే. ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పిన ఇంగ్లీషు ఆ పూట నోటికి రాలేదు. ఆయన కాసేపు ఎదురుచూశారు. తర్వాత ఏమీ అడగకుండా వైసులో ఇంకో ముల్లు బిగించి పెట్టారు.

ఇంటికొచ్చాక చిన్నది ఏడ్చింది. పెద్దది బియ్యం కడుగుతూ అంది: "ఏడుస్తావేంటే, అడిగాడు, చెప్పాను. నాకు కష్టం అనిపించలేదని అబద్ధం చెప్పను. నువ్వు జడ వేసుకుని బడికి పోతుంటే చాలా రోజులు చూడలేకపోయేదాన్ని."

"నాతో ఒక్కసారి అనొచ్చుగా అక్కా."

"తొమ్మిదేళ్లదానివి. నీతో ఏమనను?"

ఆ రాత్రి అన్నం కొంచెం మాడింది. ఇద్దరం తిన్నాం.

మర్నాటి నుంచి రోజూ షెడ్డుకు వెళ్లాం. దుకాణంలో కొనే బొమ్మల్లో చాలా భాగం కెన్యాలో, శ్రీలంకలో, థాయ్‌లాండ్‌లో ఆడవాళ్లు చేత్తో కట్టి పంపినవని ఆయన ఒకరోజు చెప్పారు. ఇంతేసి ముళ్లు, కూలికి! పెద్దది అలాంటి డబ్బా ఒకటి తెరిపించి ఒక్కొక్కటీ తీసి చూసింది. ముడి బాగా పడిందంది. ఇది కట్టినావిడకు వెలుతురు సరిపోయిందో లేదో అని కూడా అంది.

జూన్‌లో ఆయన మమ్మల్ని స్ప్రింగ్ క్రీక్ వాగుకు తీసుకెళ్లారు. సున్నపురాతి ఊటల నీరు, ఎండాకాలంలోనూ కాళ్లు జివ్వుమంటాయి. పురుగుమందుల కాలుష్యం వల్ల 1982 నుంచి ఆ వాగు చేపను ఇంటికి తీసుకెళ్లనివ్వరు. పట్టడం, వదలడం. ముల్లు తొందరగా ఊడి రావాలని దాని కొసన వెనక్కి తిరిగి ఉండే చిన్న కొనను పటకారుతో నొక్కేస్తారు. కన్నంలోంచి సన్న తీగ దూర్చడానికి ఆయన చూపు ఆనలేదు. పెద్దది దూర్చి ఇచ్చింది.

చాలాసేపు ఏమీ పడలేదు. మాకు ఆకలి కూడా వేసింది. సాయంత్రం నాలుగింటికి ఒకటి పడింది, జానెడు దాటిన బ్రౌన్ ట్రౌట్, ఒంటినిండా ఎర్రటి నల్లటి చుక్కలు. పెదవి మూలన పెద్దది కట్టిన మూడో బొమ్మ. ఆయన చేతులు తడిపి చేపను నీళ్లలోనే పట్టుకుని ముల్లు తీసి వదిలేశారు. "అయ్యయ్యో, ఆ చేపకు ఇంత చింతపండు పడితేనా!" అని పెద్దది నోరు నొక్కుకుంది. ఈ మాట మాత్రం చిన్నది తడుముకోకుండా ఇంగ్లీషులో చెప్పింది. ఆయన ఎంత నవ్వారంటే నీళ్లలో తూలబోయారు.

ఆగస్టులో తిరిగొచ్చాం. ఆ పెద్దాయన 2021 చలికాలంలో పోయారని అబ్బాయి ఫోనులో చెప్పాడు. మేము కట్టిన నింఫులు పన్నెండు మా దగ్గర ఉన్నాయి, అమ్మ లేసు సూది దాచిన రేకు డబ్బాలోనే. గోదావరిలో ట్రౌట్ ఉండదు, వాటితో మాకు పనిలేదు. అప్పుడప్పుడు తీసి లెక్కపెడతాం. పన్నెండోదానికి తోక మరీ పొడుగు, వీపు వంకర. అది చిన్నది కట్టింది.